మూడో వారం ప్రేక్షకులు



పాస్టరుగారు సినిమాలను గూర్చి వ్రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఏ సినిమా మంచిది, ఏది చెడ్డది అని తీర్పు చెప్పడానికి నేను వ్రాయడం లేదు. మా ఇంట్లో అందరికీ ఉన్న ఒక చిన్న అలవాటు, నాకు బాగా తెలిసిన ఒక కుటుంబపు జీవనానికి ఎలా అడ్డుపడిందో చెప్పాలని వ్రాస్తున్నాను.

మాది కరీంనగర్ వైపు ఒక పల్లె. థియేటరుకు పోవాలంటే పన్నెండు కిలోమీటర్ల దూరం పట్నం వెళ్లాలి. మా అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు కలిసి అయిదుగురం. ఏడాదికి ఒకటి రెండు సినిమాలు చూస్తాం. మొదటి రోజు ఎన్నడూ పోము. చూసివచ్చిన వాళ్లను ముందుగా అడుగుతాం, “పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూడొచ్చా?” అని. వాళ్లు చూడొచ్చంటే, జీతం వచ్చేవరకు ఆగుతాం. ఆదివారం నాకు కుదరదు, సోమవారమే తీరిక. ఇట్లా లెక్క చూసుకునేసరికి రెండు వారాలు దాటుతుంది. మీలో చాలామంది ఇండ్లలో కూడా ఇదే వరుస అని నాకు తెలుసు.

2023 మార్చి 3న ‘బలగం’ విడుదలైంది. వేణు యెల్దండి దర్శకుడు. పెద్ద హీరోలు లేని చిన్న సినిమా. ఇంటి పెద్ద చనిపోతే విడిపోయిన కొడుకులు, బిడ్డ, అల్లుడు ఒకచోట చేరడం అందులోని కథ. నల్లి బొక్క దగ్గర మొదలైన అలక ఏళ్ల తరబడి సాగుతుంది. అందులోని కర్మకాండలు మన పద్ధతి కాకపోయినా, ఆ అలకలు మన ఇండ్లలోనూ ఉన్నాయి. పక్కింటావిడ చెప్పగా విని మా అమ్మ, “నన్ను కూడా తీసుకపో బిడ్డా” అని అడిగింది. “అమ్మాయి పదో తరగతి పరీక్షలు కానీయమ్మా, అందరం కలిసి పోదాం” అన్నాను.

పరీక్షలు మొదలు కాకముందే, మార్చి 24న, ఆ సినిమా ప్రైమ్ వీడియోలోకి వచ్చేసింది. లెక్క పెడితే సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. మా అబ్బాయి ఫోను చూపించి, “ఇంకా పట్నమెందుకు నాయినా?” అన్నాడు. ఆటో కిరాయి, అయిదు టికెట్లు, పిల్లల తినుబండారాలు కలిపితే వెయ్యి రూపాయలకు పైనే మిగిలిందని నేనూ సంతోషించాను.

కొన్నాళ్లకు ఊరి యువకులు వచ్చి, “అయ్యగారూ, చర్చి ప్రొజెక్టరు ఒక్క రాత్రికి ఇయ్యండ్రి, ఊరందరికీ బలగం చూపిస్తం” అని అడిగారు. ఇచ్చాను. గ్రామ పంచాయతీ ముందు తెల్లగుడ్డ కట్టారు. మాటలు లేని ఇండ్లవాళ్లు కూడా పక్కపక్కనే కూర్చొని ఏడ్చారు. మా అమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆ వేసవిలో తెలంగాణలో ఎన్నో ఊళ్లలో ఇలాగే తెరలు కట్టారు. మంచి పనికే ప్రొజెక్టరు ఇచ్చానని ఆ రాత్రి తృప్తిగా పడుకున్నాను. అలా చూపడానికి అనుమతి ఉన్నదా అనే ఆలోచన నాకు రానే లేదు.

మా సంఘంలో ఒకాయన ఇరవై ఏళ్లుగా పట్నం థియేటరులో గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. ఆయన భార్య అక్కడే క్యాంటీనులో సమోసాలు అమ్ముతుంది. తరువాతి ఆదివారం ఆరాధన అయినాక, వాళ్ల క్షేమం అడిగాను. ఆయన మెల్లగా అన్నాడు:

“అయ్యగారూ, మొదటి వారం పోరగాండ్లు వస్తరు. వాళ్లను ఎవరూ ఆపలేరు. రెండో వారం, మూడో వారం మీ అసుంటోళ్లు వస్తరు. ముసలమ్మలు, పిల్లలు, ఇంటికి అయిదారు టికెట్లు. మా ఆమె సమోసాలు అమ్ముడుపోయేది అప్పుడే. ఇప్పుడు ఆ మూడో వారమే లేకుంట పోతున్నది.”

ప్రొజెక్టరు సంగతి ఆయనకు తెలుసు. ఆ మాట ఎత్తలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఊళ్లలో ఇలా ప్రదర్శించడం ఆపాలని నిర్మాతల వైపు నుంచి పోలీసులకు ఫిర్యాదు వెళ్లిందని తరువాత పత్రికలో చదివాను. మంచి ఉద్దేశంతో చేసినా, పరుల సొత్తును అడగకుండా పంచిపెట్టానని ఒప్పుకోక తప్పలేదు.

అప్పటినుండి ఈ విషయం గూర్చి కొంత తెలుసుకున్నాను. ఓటీటీ సంస్థ ఎంత త్వరగా సినిమా కావాలంటే నిర్మాతకు సాధారణంగా అంత మంచి ధర ఇస్తుంది. చిన్న నిర్మాతకు ఆ డబ్బు ఆసరా. థియేటరు లేని ఊళ్లకు, మంచం దిగలేని పెద్దలకు, గల్ఫులో ఉన్న మన బిడ్డలకు కూడా ఓటీటీ మేలే చేసింది. కాని అది తొందరపడితే నష్టపోయేది ముఖ్యంగా కుటుంబ చిత్రమే. అభిమానుల సినిమా మొదటి మూడు రోజుల్లోనే చాలా డబ్బు రాబట్టుకుంటుంది. కుటుంబ చిత్రం నోటిమాట మీద నడుస్తుంది. ఆ మాట మనదాకా వచ్చి, మనం బయలుదేరేలోపే అది ఫోనులో ఉంటే, మన టికెట్ల డబ్బు ఇక థియేటరుకు రాదు.

ఇది తెలుగు నిర్మాతలకు తెలియనిది కాదు. 2022 ఆగస్టు 1 నుండి షూటింగులు ఆపి చర్చించుకొని, ఎనిమిది వారాల తరువాతే ఓటీటీకి ఇవ్వాలని ఆ నెలలోనే ప్రకటించారు. ఆ మాట అన్ని సినిమాలకూ నిలవలేదు.

అమెరికాలోనూ ఇదే పాఠం. పిల్లల బొమ్మల చిత్రాలు తీసే పిక్సార్ సంస్థవి ‘సోల్’, ‘లూకా’, ‘టర్నింగ్ రెడ్’ అనే మూడు సినిమాలను 2020 డిసెంబరు నుండి 2022 మార్చి లోపల అక్కడ నేరుగా డిస్నీ ప్లస్‌లో విడుదల చేశారు. ఇంట్లోనే వస్తుందిలే అని కుటుంబాలు అలవాటుపడ్డాయి. 2023 జూన్‌లో ‘ఎలిమెంటల్’ థియేటర్లకు వస్తే, మొదటి వారాంతంలో అమెరికాలో మూడు కోట్ల డాలర్లు కూడా రాలేదు. అయినా దాదాపు మూడు నెలలు ఓటీటీకి ఇవ్వకుండా ఆగారు. నోటిమాట పాకింది. చివరికి ప్రపంచమంతటా కలిపి దాదాపు 50 కోట్ల డాలర్లు వచ్చాయి.

మన దగ్గర 2025 జనవరి 14న వెంకటేశ్ ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చింది. ‘బలగం’ లాగే దిల్ రాజు గారి ఇంటి నుండే వచ్చిన సినిమా. జీ5లోకి మార్చి 1న గాని రాలేదు. అంటే ఆరు వారాలకు పైగా థియేటర్లకే మిగిలింది. వసూళ్లు 300 కోట్లు దాటాయని నిర్మాతలు ప్రకటించారు. పండుగ, పేరున్న హీరో కూడా కారణమే, కాదనను. కాని ఆలస్యంగా కదిలే కుటుంబాలకు వ్యవధి దొరికిందన్నది కూడా నిజం.

మేము మూడో వారం సోమవారం వెళ్లాం. గేటు దగ్గర ఆయన టికెట్లు చింపుతూ, “అమ్మ రాలేదా అయ్యగారూ?” అని అడిగాడు. మోకాళ్ల నొప్పితో ఆమె రాలేకపోయింది. ‘బలగం’ నాడు నేను వాయిదా వేసిన ప్రయాణం ఇక ఆమె చేయలేదు. మార్చి 1న ఆ సినిమా టీవీలోనూ వచ్చినప్పుడు ఇంట్లో కూర్చొని నవ్వుతూ చూసింది. థియేటరు ముందు, ఇల్లు తరువాత; ఆ వరుస పాటిస్తే రెండింటికీ చోటుందని నాకు అనిపించింది.

ఇప్పుడు హక్కుదారుల అనుమతి లేనిదే చర్చి ప్రొజెక్టరు సినిమాలకు ఇవ్వకూడదని సంఘ పెద్దలం నిర్ణయించాం. మీకు నా మనవి ఒక్కటే. ఇంటిల్లిపాదీ చూడదగిన సినిమా వచ్చిందని మీకు నమ్మకం కుదిరితే, ఫోనులోకి వచ్చేదాకా ఆగకండి. చేతనైతే మూడో వారమైనా వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే, వచ్చే నెల అనకండి.