చుట్టూ సముద్రం, మధ్యలో రన్‌వే, బయట మా అక్క

విమానం చక్రాలు నేలను తాకే క్షణం దాకా కిటికీలో నీళ్లే కనిపిస్తాయి. అటు చూసినా నీళ్లే, ఇటు చూసినా నీళ్లే. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఒరే, నీళ్లలోకి దించేస్తన్నాడేటిరా!" అంది. అమ్మకి అది రెండో విమానం. మొదటిది అంతకు రెండ్రోజుల ముందు, వైజాగ్ నుంచి బెంగళూరుకి.

మేం దిగుతున్నది మాల్దీవుల్లోని వెలానా అంతర్జాతీయ విమానాశ్రయంలో. రాజధాని మాలె పక్కనే హుల్హులే అని చిన్న దీవి. ఆ దీవి మొత్తం ఎయిర్‌పోర్టే. మధ్యలో 3,400 మీటర్ల రన్‌వే, రెండు పక్కలా సముద్రం. మన దగ్గర ఎయిర్‌పోర్టు బయటికి వస్తే క్యాబ్‌లు ఉంటాయి. ఇక్కడ పడవలు ఉంటాయి.

మాతోపాటు వచ్చినవాళ్లలో సగంమంది కొత్త జంటలు. చేతులకు ఇంకా గోరింటాకు పోలేదు. వాళ్లు సముద్రం చూడ్డానికి వచ్చారు. మేం మాత్రం అక్కని చూడ్డానికి. అక్క ఉత్తరాన ఓ అటోల్‌లో, చిన్న దీవిలో నర్సు. వెళ్లి రెండేళ్లు దాటింది. ఇంటికి వద్దామంటే సెలవు కుదరట్లేదు, కుదిరినప్పుడు టికెట్ ధర కుదరట్లేదు. చివరికి అమ్మే తేల్చేసింది: "అది రాకపోతే మనమే ఎల్దాం."

ప్లాన్ సింపుల్. అక్కకి ఒక్కరోజు సెలవు. ముందురోజు రాత్రే డొమెస్టిక్ ఫ్లైట్‌లో మాలె వచ్చేస్తుంది. మేం పొద్దున పదకొండున్నరకి దిగుతాం. సాయంత్రం ఏడుంబావుకి తన ఫ్లైట్. మధ్యలో ఆరేడు గంటలు. హుల్హుమాలెలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. అన్నం వండుకోవడానికి అమ్మ కుక్కర్ కూడా తెస్తానంది. నేనే ఆపాను.

ఆపింది కుక్కర్ ఒక్కటే కాదు. బయల్దేరే ముందురోజు రాత్రి నా గదిలో బ్యాగులు సర్దుతుంటే సున్నుండల డబ్బా అనుమానంగా బరువు తగిలింది. తీసి చూస్తే అడుగున, పాత చీర ముక్కలో చుట్టి, జానెడు ఇత్తడి వెంకటేశ్వరస్వామి. అక్క చిన్నప్పటి నుంచి మా దేవుడి గూట్లో ఉన్న విగ్రహం. మాల్దీవుల్లోకి మద్యం, పంది మాంసంతోపాటు పూజా విగ్రహాలు కూడా తీసుకెళ్లకూడదు. దిగాక సామాను ఎక్స్‌రే తీస్తారు. ఫోన్‌లో ఆ రూల్ చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత స్వామిని తీసుకెళ్లి మా కిచెన్ షెల్ఫ్‌లో, నా ప్రొటీన్ పౌడర్ డబ్బా పక్కన పెట్టింది. ఆ రాత్రి నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా.

పొద్దున ఎయిర్‌పోర్టుకి వెళ్తే ఫ్లైట్ ఆలస్యం. మొదట గంట అన్నారు. తర్వాత రెండు. చివరికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మాలెలో దిగేసరికి మూడు యాభై. అది కూడా అక్కడి టైమే, మనకన్నా అరగంట వెనక. ఫోన్‌లో గడియారం వెనక్కి జరగడం చూసి అమ్మ, "పోనీలే, అరగంట కలిసొచ్చింది" అంది. లెక్క తెలిసి అందో, తెలియక అందో!

మీరు వెళ్లేటట్టయితే ఈ టైమ్ సంగతి గుర్తుపెట్టుకోండి. దూరంగా ఉన్న రిసార్టులకి సీప్లేన్‌లో తీసుకెళ్తారు. పదిహేనుమంది పట్టే బుల్లి ట్విన్ ఆటర్ విమానాలు. పైలట్లు చాలాసార్లు చెప్పులు లేకుండానే నడుపుతారు. నీళ్ల మీద దిగాలి కాబట్టి వెలుతురు ఉన్నంతవరకే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు దాటి దిగితే ఆ రోజుకి అవి దొరకడం కష్టం. మా ఫ్లైట్‌లోని ఓ జంటకి అదే జరిగింది. వేలకి వేలు పోసి బుక్ చేసుకున్న వాటర్ విల్లాలో మొదటి రాత్రి గోవిందా. ఆ అబ్బాయి ఫోన్‌లో ఎవరితోనో గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. ఆ అమ్మాయి సూట్‌కేసు మీద కూర్చుని చెప్పులు విప్పేసింది. వాళ్లని చూస్తే నాకు జాలేసింది. కానీ మా గంటలు కూడా అలాగే కరిగిపోతున్నాయి కదా, ఆగలేదు.

ఇమిగ్రేషన్ కష్టమేం కాదు. టూరిస్టులకి 30 రోజుల వీసా దిగాకే ఇస్తారు, ఫీజు లేదు. ప్రయాణానికి 96 గంటల్లోపు 'ఇముగా' అనే వెబ్‌సైట్‌లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకోవాలి. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ చూపించాలి. మా వంతు రెండు నిమిషాల్లో అయిపోయింది. అమ్మ పాస్‌పోర్టు మీద పడ్డ ముద్రని వేలితో తడిమి చూసుకుంది.

పక్క వరుస మాత్రం అలా కదలట్లేదు. అందులో ఉన్నవాళ్ల చేతుల్లో సెల్ఫీ స్టిక్కులు లేవు. ప్లాస్టిక్ ఫోల్డర్లు ఉన్నాయి. బంగ్లాదేశ్ నుంచి పనికి వచ్చిన కుర్రాళ్లనుకుంటా, అందరికీ ఒకే రంగు టోపీలు. వాళ్ల వెనకాల ఇద్దరు మలయాళీ అమ్మాయిలు. ఒకమ్మాయి కాగితాల్ని ఒక్కొక్కటే తీసి చూసుకుని మళ్లీ లోపల పెడుతోంది. అమ్మ ఆ పిల్లనే చూస్తూ నిలబడిపోయింది. "మనమ్మాయి కూడా ఇలాగే వచ్చుంటదా?" అని అడిగింది. నేను బ్యాగులు వచ్చాయని చెప్పి లాక్కొచ్చాను.

ఎక్స్‌రే దగ్గర మా ముందు ఇద్దరు కుర్రాళ్లు డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాతో దొరికారు. కస్టమ్స్ అధికారి గొడవేం చెయ్యలేదు. సీసా తీసుకుని రసీదు ఇచ్చాడు. తిరిగెళ్లేటప్పుడు ఇచ్చేస్తారట. తర్వాత మా సంచీ తెరిచాడు. మూడు కవర్లు చుట్టి, టేపేసి, మళ్లీ కవర్ చుట్టిన డబ్బా. ఏంటిదన్నాడు. "మ్యాంగో పికిల్" అన్నాను. అమ్మకి ఆ ముక్క సరిపోలేదు. "మా పిల్లకి బాబూ, కొత్తావకాయ" అని తెలుగులోనే చెప్పేసింది. ఆయనకి ఏం అర్థమైందో, నవ్వి చెయ్యి ఊపాడు. బయటికి వస్తుంటే అమ్మ నెమ్మదిగా అంది: "స్వామిని తెచ్చుంటే ఈ బాబే తీసుకునీవోడు కదా." నా మీద కోపం అప్పుడు పోయింది.

ఇక్కడ చిన్న పక్కదారి. మాది రాజాం దగ్గర. అందుకే ఈ ఎయిర్‌పోర్టు పేరు మా ఊళ్లో చాలామందికి ముందే తెలుసు. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్, 2010లో ఒక మలేసియా సంస్థతో కలిసి దీన్ని నడిపే కాంట్రాక్టు దక్కించుకుంది. 2012లో అక్కడి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. గొడవ సింగపూర్ ఆర్బిట్రేషన్ దాకా వెళ్లి, 2016లో దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. మా మామయ్య మాత్రం ఇప్పటికీ "మనోళ్ల ఎయిర్‌పోర్టు" అనే అంటాడు. 1960లో ఇక్కడ ఇనుప రేకులు పరిచి తయారుచేసిన ఎయిర్‌స్ట్రిప్ ఉండేదట. ఇప్పుడు ధగధగలాడే కొత్త టెర్మినల్ వచ్చింది, 2025 జులైలో తెరిచారు. వెలానా అనేది మాజీ అధ్యక్షుడు ఇబ్రహీం నాసిర్ ఇంటిపేరు. అంటే మన లెక్కలో ఎయిర్‌పోర్టుకి ఇంటిపేరు పెట్టినట్టు. ఇది నాకు భలే నచ్చింది.

అద్దాల తలుపు దాటగానే ఉప్పు గాలి. రిసార్టుల బోర్డులు పట్టుకుని తెల్ల చొక్కాల వాళ్లు. ఇరవై అడుగులు వేస్తే జెట్టీ. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, స్పీడ్‌బోట్ల కింద తిరిగే చేపలు పైనుంచే కనిపిస్తున్నాయి. నేను ఫోన్ తీసేలోపు అమ్మ నా పక్కన లేదు.

అక్క సన్నబడింది. నల్లబడింది. అమ్మ దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "తిండి తింటన్నావా?" అంది. రెండేళ్ల తర్వాత మొదటి మాట అదే. అక్క నవ్వబోయి ఏడ్చేసింది. పొద్దున పదింటి నుంచి అక్కడే కూర్చుందట, ఫ్లైట్ బోర్డులో మా నంబరు పక్కన టైమ్ మారినప్పుడల్లా చూసుకుంటూ.

టైమ్ నాలుగు నలభై. ఆరుంబావుకి అక్క చెక్-ఇన్. గెస్ట్‌హౌస్‌కి వెళ్లి రావడానికే సగం టైమ్ పోతుంది. అందుకే ఎక్కడికీ వెళ్లలేదు. జెట్టీ పక్కన బెంచీ మీదే సున్నుండలు, జంతికలు విప్పాం. కెఫేలో మూడు టీలు తెచ్చాను. డాలర్లలో బిల్లు చూసి, ధర ఎంతో అమ్మకి చెప్పలేదు.

"మొదటిసారి దిగినప్పుడు కూడా ఇక్కడే కూర్చున్నానమ్మా," అంది అక్క. తీసుకెళ్లడానికి వస్తానన్న మనిషి రాలేదట. ఫోన్‌లో సిమ్ లేదు. చేతిలో ఫోల్డర్, పర్సులో నలభై డాలర్లు. చుట్టూ హనీమూన్ జంటలు పూలదండలు వేసుకుని పడవలు ఎక్కుతుంటే, తను మూడు గంటలు సూట్‌కేసు పట్టుకుని కూర్చుందట. ఎయిర్‌పోర్టు వైఫై దొరికాక మాకు చేసిన ఫోన్ నాకు గుర్తుంది. "చేరానమ్మా, సముద్రం ఎంత బావుందో" అంది ఆ రోజు. మేం ఇంకా ఫోటోలు పెట్టలేదేంటని దెబ్బలాడాం.

అమ్మ ఏం అనలేదు. టీ చల్లారిపోయింది. కాసేపటికి అక్కే మాట మార్చింది. "స్వామిని తెస్తానన్నావు కదా?"

"ఈడి గదిలో ఉంచీసేనే."

"వీడి గదిలోనా? దీపం సంగతి దేవుడెరుగు, దుమ్మయినా తుడుస్తాడా?"

అక్కడితో ఏడుపులు ఆగాయి. తర్వాతి గంట ఎలా పోయిందో తెలీదు. ఎవరి పెళ్లి కుదిరింది, ఎవరు ఇల్లు కట్టారు, కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టింది... అన్నీ వచ్చాయి. అక్క దీవిలో మనుషులు మంచివాళ్లట. పురుడు పోసిన ఇంటి నుంచి చేపలు పంపిస్తారట. మధ్యలో నాలుగైదుసార్లు మా నెత్తి మీద నుంచి విమానాలు వెళ్లాయి. ప్రతిసారీ మాటలు ఆపి, శబ్దం తగ్గాక వదిలినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాం.

డొమెస్టిక్ టెర్మినల్ దగ్గర ఆవకాయ డబ్బా అక్క చేతుల్లోకి మారింది. తలుపు దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగింది, డబ్బాని చంటిపిల్లలా ఎత్తుకుని. తర్వాత అమ్మా నేనూ సినమాలే వంతెన మీదుగా మాలె వెళ్లి, ఊరు చూసి, రాత్రికి హుల్హుమాలె చేరాం. ఆ వంతెన 2018లో వచ్చింది. అంతకుముందు ఎయిర్‌పోర్టు నుంచి మాలె వెళ్లాలంటే పడవే దిక్కు. తర్వాతి రోజు బీచ్, ఫోటోలు అన్నీ మామూలే. ఆ సంగతులు మీరు ఇన్‌స్టాలో చూసే ఉంటారు.

తిరుగు ప్రయాణంలో అమ్మకి ఎడమవైపు కిటికీ సీటు ఇప్పించాను. విమానం లేచిన కాసేపటికి కింద నీలం గుడ్డ మీద ఆకుపచ్చ ఉంగరాలు విసిరేసినట్టు దీవులు. అమ్మ అద్దానికి మొహం ఆనించింది.

"ఒరే, అదేనా దానూరు?"

అక్క దీవి ఇంకా చాలా ఉత్తరాన ఉంది. అంత దూరం నుంచి అందులో ఏది ఏదో నాకే తెలీదు.

"అదేనమ్మా," అన్నాను.

అది మబ్బు చాటుకి వెళ్లేదాకా అమ్మ కిటికీ వదల్లేదు.