మురికి వదిలించే మందే మరకను ఆపగలదా?

కార్పెట్‌ను వేడినీటితో తడిపి, ఆ నీటిని తిరిగి పీల్చే యంత్రం నడపడానికి ముందు, పోగులకు పట్టిన జిడ్డు వదులయ్యేందుకు చల్లి కొన్ని నిమిషాలు నాననిచ్చే ద్రావణాన్ని ప్రీస్ప్రే అంటారు. మురికితో పాటు బయటికి పోవడమే దాని ధర్మం కాగా, మరకల నుంచి కాపాడే రసాయనం పోగును అంటిపెట్టుకొని ఉండవలసినది కనుక, రెండు పనులూ ఒకే సీసాతో జరుగుతాయన్న ప్రకటనను కొంత సందేహంతోనే చదవాలి.

అయితే అది పూర్తిగా అసంభవమూ కాదు. నైలాన్ పోగులో ధనావేశం పొందే అమైన్ స్థానాలను పానీయాలలోని ఆమ్ల రంగులు (రుణావేశం గల కృత్రిమ వర్ణకాలు) పట్టుకుంటాయి. ఆ రంగుల మాదిరే రుణావేశం గల నిరోధక అణువులు ఆ చోట్లను ముందే ఆక్రమిస్తే రంగు నిలవడానికి తావు తగ్గుతుంది, కడిగిన తరువాతా ఆ అణువులలో కొంత భాగం మిగులుతుంది. పాలియెస్టర్‌లో అటువంటి స్థానాలు దాదాపు ఉండవు కాబట్టి అక్కడ ఈ నిరోధకానికి పెట్టే ఖర్చు వృథాయే. నూనెను వికర్షించే ఫ్లోరిన్ రసాయనాల సంగతి వేరు: 1950ల నుంచి అమ్ముడవుతున్న స్కాచ్‌గార్డ్ అనే మరక రక్షకంలో వాడిన ఆ తరగతి పదార్థాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కాక పేరుకుపోతున్నాయని తేలడంతో, దాని తయారీదారు 3ఎం సంస్థ ఆ పదార్థాల ఉత్పత్తి విరమణను 2000లో ప్రకటించింది. ఏదేమైనా, కడిగి, తడి ఆరకముందే రక్షకాన్ని విడిగా చల్లి బ్రష్‌తో పోగులకు పట్టించే పాత పద్ధతే ఇప్పటికీ మెరుగైనది.