చివర చెయ్యి పెట్టినవాడు



మన ఊళ్లలో ఒక అలవాటు ఉంది. ఏ వస్తువు చెడిపోయినా, దాని మీద చివర చెయ్యి పెట్టింది ఎవరని ముందు అడుగుతాం. బోరు మోటరు కాలిపోతే రాత్రి స్టార్టరు వేసినవాడిని పిలుస్తాం. గేదె పాలు ఎగ్గొడితే పొద్దున పాలు పితికినవాళ్ల వైపు చూస్తాం. ఒక్కోసారి ఆ ప్రశ్న సరైనదే అవుతుంది. ఒక్కోసారి మాత్రం ఆ ప్రశ్న ఒక మనిషి పేరును పాడు చేస్తుంది. ఈ వారం దాని గురించే రాస్తున్నాం.

మన సంఘం కారు సంగతి ఇక్కడ పెన్‌పహాడ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. హైదరాబాదులోనూ ఇతర చోట్లా ఉండి ఇది చదివేవాళ్లకు సగం సగం కబుర్లే చేరాయి. ఆ కబుర్లలో కొన్ని నిజం కావు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పడం మా బాధ్యత.

అది పద్దెనిమిదేళ్ల పాత పెట్రోలు కారు. ప్రమాదం జరిగితే 108 ఉంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. కానీ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు సూర్యాపేట పోవలసిన మనిషి ప్రతిసారీ 108ని పిలవలేదు కదా. మన సంఘపు తల్లి ఒకరికి అదే అవసరం. మిర్యాలగూడలో కంటి పరీక్షకు పోయే పెద్దవాళ్లకు, కాన్పుకు పోయే ఆడబిడ్డలకు కూడా ఆ కారే ఆధారం.

వరికోతల రోజుల్లో, చలి మొదలయ్యాక, పొద్దున్నే సెల్ఫ్ కొట్టడం కష్టమైంది. చలికి బ్యాటరీ బలం తగ్గుతుందని మనకు తెలిసిందే. సంఘంలో తలా కొంత వేసుకుని డబ్బు పోగుచేశాం. కారు నడిపే తమ్ముడు సూర్యాపేట పోయి కొత్త బ్యాటరీ తెచ్చాడు. పాతది షాపులో ఇచ్చి, ఆ ధర బిల్లులో తగ్గించుకున్నాడు. సాయంత్రం తానే బిగించాడు. తెల్లారి తాళం తిప్పితే టకటకమని చప్పుడు, అంతే. ఇంజను తిరగలేదు. ఆ రోజు డయాలసిస్ ఉంది. ఆ తల్లిని ఆటోలో పంపాం. ఆమె చేరేసరికి ఆమె వంతు దాటిపోయింది. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది.

ఆ చీకటి పడేలోపే మాట పుట్టింది. "పాత బ్యాటరీకి కొత్త స్టిక్కరు అంటించి తెచ్చిండట" అని ఒకరు. "షాపోడు, వీడు కలిసి తిన్నరట" అని ఇంకొకరు. గమనించండి, రెండు మాటల చివరా 'అట' ఉంది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ తమ్ముడు తాళం మా ఇంట్లో ఇచ్చి వెళ్లిపోయాడు. ఆదివారం గుడికి రాలేదు. వాళ్లమ్మ ఒక్కతే వచ్చి వెనక వరుసలో కూర్చుంది.

సోమవారం ఒక మెకానిక్‌ను పిలిపించాం. ఆయన బ్యాటరీ జోలికి వెంటనే పోలేదు. ముందు హెడ్‌లైట్లు వేయమన్నాడు. తర్వాత సెల్ఫ్ కొట్టమన్నాడు. టకటక చప్పుడు వచ్చింది, లైట్లు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.

"ఇగో ఈ లైట్లు చూడండ్రి అయ్యగారూ. బ్యాటరీ డౌనుంటే సెల్ఫ్ కొట్టంగనే లైట్లు గుడ్డిగైతయి. ఇవి కదుల్తలేవు. బ్యాటరీల కరెంటుంది, పోయే తొవ్వ లేదు" అన్నాడు.

తర్వాత మీటరు తీశాడు. బ్యాటరీ రెండు కొనల మీద పెడితే 12.6 వోల్టులు చూపింది. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ చూపవలసిన లెక్క అదే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా 12 కిందికి దిగలేదు. బలహీనమైన బ్యాటరీ అయితే ఆ క్షణంలో 9 కన్నా కిందికి పడిపోయేది. అప్పుడు మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండో కొన ఇంజను ఇనుము మీద పెట్టి మళ్లీ కొట్టమన్నాడు. ఆ రెండింటి మధ్య అర వోల్టు కూడా ఉండకూడదట. మీటరు 6 దాటింది.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, మీలో చాలామంది ఇళ్లల్లో బండ్లు ఉన్నాయి కాబట్టి. కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరి సెల్ఫ్ మోటరులోకి పోతుంది. అక్కడితో ఆగదు. ఇంజను ఇనుము మీదుగా తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. కానీ ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులో కరెంటు పారదు. అందుకని ఇంజనుకు, బాడీకి మధ్య ఒక మందపాటి ఎర్త్ వైరు ఉంటుంది. హారనుకు, లైట్లకు కొద్ది కరెంటు చాలు, పైగా అవి బాడీకే ఎర్త్ అయి ఉంటాయి. సెల్ఫ్ మోటరుకు వంద ఆంపియర్లు, ఒక్కోసారి అంతకు మించి కావాలి. హారను మోగింది కాబట్టి అన్నీ బాగున్నాయనుకోవడం, సెల్ఫ్ కొట్టలేదు కాబట్టి బ్యాటరీ నకిలీదనుకోవడం, రెండూ తొందరపాటే.

మెకానిక్ కారు కింద దూరి ఆ వైరు విప్పి చూపించాడు. గేరుబాక్సు దగ్గర బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి, పోగులు చాలావరకు తెగిపోయి ఉన్నాయి. వేరే కేబుల్ ఒకటి తెచ్చి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజనుకు తగిలించాడు. ఒక్క తిప్పుకే బండి స్టార్టయింది.

"ఆ పిలగాడు పెట్టుడు మంచిగనే పెట్టిండు. ఈ వైరు ఎన్నడో పోయింది. డైనమో చార్జింగు కూడా ఇదే తొవ్వల రావాలె. పాత బ్యాటరీ పాణం తీసింది గూడ ఇదే కావొచ్చు" అన్నాడు.

బోల్టు చోటు గీరి శుభ్రం చేసి కొత్త ఎర్త్ వైరు వేశాడు. దానికి అయిన ఖర్చు బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు.

ప్రియులారా, ఆలోచించండి. తప్పు ఎన్నో నెలల నాటిది, కంటికి కనిపించని చోట ఉంది. నిందేమో నిన్న పానా పట్టుకున్నవాడి మీద పడింది. పది ఆజ్ఞల్లో సాక్ష్యం గురించి ఒక ఆజ్ఞ ఉందని మనందరికీ తెలుసు. కోర్టు బోనులో నిలబడ్డప్పుడే అది వర్తిస్తుందని మనలో కొందరి నమ్మకం. బోరు కాడ, కిరాణా కొట్టు కాడ 'అట' అని ముగించే మాట కూడా సాక్ష్యమే. ఒక యంత్రాన్ని తప్పు పట్టడానికి మెకానిక్ మూడు పరీక్షలు చేశాడు. ఒక మనిషిని తప్పు పట్టడానికి మనం ఎన్ని చేశాం?

ఆ మాటలు అన్న ఇద్దరూ మెకానిక్ చెప్పింది విని, ఎవరూ చెప్పకుండానే ఆ తమ్ముడి ఇంటికి వెళ్లారు. చాటుగా కాదు, వాకిట్లో అందరూ చూస్తుండగా మాట్లాడారు. నలుగురిలో పోయిన పేరు నలుగురిలోనే తిరిగి ఇవ్వాలి. ఆ పని వాళ్లు చేసినందుకు సంతోషిస్తున్నాం. తమ్ముడు వెంటనే మెత్తబడలేదు, అది సహజం. బుధవారం మాత్రం వచ్చి తాళం అడిగి తీసుకున్నాడు.

మీ ఇళ్లల్లో బ్యాటరీ మార్చాక బండి మొరాయిస్తే ఇవి గుర్తుపెట్టుకోండి. విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. లేకపోతే పానా బాడీకి తగిలి మంటలు లేస్తాయి. దగ్గర బీడీ వెలిగించకండి, బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. ప్లస్ కొన మైనస్ కన్నా కాస్త లావుగా ఉంటుంది, తారుమారు చేస్తే పెద్ద ఫ్యూజు పోతుంది. బిగించాక టెర్మినల్‌ను చేత్తో తిప్పి చూడండి, కదలకూడదు. తాళం బొమ్మ లైటు ఆగకుండా మిణుకుతుంటే తాళంలోని చిప్పును బండి గుర్తించడం లేదని అర్థం. కోతల తర్వాత ఎలుకలు వైర్లు కొరుకుతాయి, బానెట్ ఎత్తి చూడండి. పాత బ్యాటరీని పగలగొట్టకండి, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. షాపులోనే ఇచ్చేయండి.

మీటరు ఒకటి కొని కారు డ్యాష్‌బోర్డులో పెట్టించాం. డయాలసిస్ రోజులు రెండూ ఆ తమ్ముడే బండి నడుపుతున్నాడు. మిగతా రోజుల్లో సాయానికి డ్రైవింగ్ వచ్చిన యువకులు ఇద్దరు కావాలి. ఈ ఆదివారం ఆరాధన తర్వాత పేర్లు ఇవ్వండి. ఆ తల్లిని మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి.