ఇంత ఎండకు కరుగుతలేదేందిరా?

మా కుల్కచర్ల వైపు మంచుగడ్డలంటే వడగండ్లే. 2023 మార్చిలో మా వికారాబాద్ జిల్లాలోనే మర్పల్లి దగ్గర రాళ్ళవాన పడి నేలంతా తెల్లబడింది. వికారాబాద్ కాశ్మీర్ అయిందంటూ ఎక్కడ చూసినా ఫోటోలే. పంట పోయినవాళ్ళకి అందులో అందం ఏం కనిపిస్తుంది చెప్పండి!

అసలైన మంచుని నాన్న మొదటిసారి చూసింది మాత్రం చికాగోలో, నా దగ్గరికి వచ్చినప్పుడు. రాత్రంతా కురిసి తెల్లారేసరికి ఆకాశం నిర్మలం, కళ్ళు చెదిరే ఎండ. ఆయన అడిగిన ప్రశ్నే పైన టైటిల్.

గాలి సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉండటం ఒక కారణం. అంతకన్నా ముఖ్యం, కొత్త మంచు తన మీద పడ్డ వెలుగులో నూటికి 80-90 వంతులు వెనక్కి కొట్టేస్తుంది. మంచు పలుకు నిజానికి గాజులాగా రంగులేనిదే. కోట్ల పలుకుల అంచుల మీద వెలుగు అటూ ఇటూ తగిలి బయటికి వచ్చేస్తుంది, అందుకే తెలుపు. ఎండ రూపాయి ఇస్తే మంచు ఉంచుకునేది పది, ఇరవై పైసలన్నమాట.

రోజంతా ఇలాగే ఉండదు. పొద్దున నీడలు నీలంగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ పడేది ఆకాశం వెలుగే. మధ్యాహ్నం కాస్త వేడెక్కితే పలుకుల అంచులు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పొద్దున మెత్తటి పిండిలా ఉన్నది కాస్తా దొడ్డుప్పులా అవుతుంది. అప్పుడు వెలుగు లోపలికి దిగి ఎక్కువ వేడి మిగులుతుంది, ఇంకా కరుగుతుంది. మన భాషలో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్ :) కార్ల పొగ, దుమ్ము కూడా పడితే చెప్పక్కర్లేదు. లడఖ్ రైతులైతే దున్నే వేళకి పొలం బయటపడాలని మంచు మీద కావాలనే మట్టి చల్లుతారు.

సాయంత్రానికి కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డ కడతాయి. తారురోడ్డు మీద ఆ పల్చటి పొర కంటికి ఆనదు. పెద్దవాళ్ళ తుంటి ఎముకలు విరిగేది అక్కడే. నాన్నని చీకటి పడ్డాక గడప దాటనివ్వలేదు. పగలు నల్లద్దాలు తప్పనిసరి, శుభ్రమైన మంచు అతినీలలోహిత కిరణాల్ని 80 శాతం దాకా కళ్ళలోకే తిప్పి కొడుతుంది మరి.

అంతా విని "అంటే మిద్దెకు సున్నం కొట్టినట్టే కదరా" అన్నాడు. అచ్చంగా అదే! 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనక ఉన్నదీ ఇదే సూత్రం. "మరి దుమ్ము పడితే?" అని వెంటనే ఇంకో ప్రశ్న. మంచుకి పట్టిన గతే పడుతుంది, ఏటా కడగాలి అన్నాను.

ఊరెళ్ళగానే మా మిద్దెకి తెల్ల పూత వేయించాడు. మేడ మీద గదిలో మధ్యాహ్నం కూర్చోగలుగుతున్నామని అమ్మ చెప్పింది. ఒరుగులు ఎండబెట్టడానికి పైకి వెళ్తే కళ్ళు జిగేల్‌మంటున్నాయట, ఈసారి వచ్చేటప్పుడు తనకీ నల్లద్దాలు తెమ్మంది.