నాచుకూ ఒక చోటుంది

పగడం రాయి కాదు, మొక్క కాదు; అది ప్రాణి. దాని దేహంలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగం తనకు ఆశ్రయమిచ్చిన పగడానికే ఇస్తుంది. సముద్రం అతిగా వేడెక్కినప్పుడు ఆ నాచు వెలుపలికి పోతుంది, పగడం తెల్లబడుతుంది, నాచు తిరిగి చేరకపోతే ఆకలితో మరణిస్తుంది. అయితే మరొక రకం నాచు బయటినుండి వచ్చి పైన కమ్ముకున్నా పగడం బతకదు. లోపల ఉంటే ప్రాణాధారం, పైన పరచుకుంటే ప్రాణాంతకం. చంద్రగిరిలోని మా ఇంటి ముందుగదిలో ఉన్న 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఈ సంగతిని మాకు నిరుడు వివరంగా బోధించింది.

కోట కొండ నీడలో ఉన్న ఊరికి సముద్రపు తొట్టి ఎలా వచ్చిందని బంధువులు అడుగుతుంటారు. మా భాయీజాన్ జిద్దాలో ఉద్యోగం చేస్తారు. సెలవు దినాల్లో ఎర్రసముద్రపు పగడాలను చూసి పరవశించిన మనిషి. సూరా అర్‌రహ్మాన్‌లో ముత్యాలతో పాటు వచ్చే ‘మర్జాన్’ అన్న మాటను పలువురు పగడమనే అనువదించారని మా పిల్లలకు చెబుతుండేవారు. ఒకసారి సెలవుపై వచ్చినప్పుడు ఈ తొట్టిని అమర్చి, తిరిగి వెళుతూ మా దంపతులకు అప్పగించారు. మన దేశంలో రాతి పగడాలన్నీ 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుండి తీయడం నేరం. అందుచేత మా తొట్టిలో అవి లేవు. పుట్టగొడుగుల వంటి మెత్తని జీవులు, చిన్న పూలగుత్తుల వంటి జొయాంథిడ్లు, రెండు క్లౌన్ చేపలు మాత్రమే ఉన్నాయి.

ఈ తొట్టి మాకు అలంకారం కాదు. పక్షవాతంతో అబ్బాజాన్‌కు మాట పడిపోయింది. ప్రతిరోజూ ఫజ్ర్ నమాజు ముగిశాక ఆయన కుర్చీని తొట్టి ముందుకు జరుపుతాము. చేపలు కనిపించగానే కుడిచేతి రెండు వేళ్ళు ఎత్తి చూపుతారు. రెండూ క్షేమమని అర్థం. ఆయన తనంతట తాను మాకు చెప్పే మాట రోజు మొత్తంలో అదొక్కటే.

ఎండలు ముదిరిన నెలలో రాళ్ళపై పచ్చని నూగు మొలిచింది. నెల తిరిగేసరికి అది వేలెడు పొడవు జుట్టులా పెరిగింది. జొయాంథిడ్లు ముడుచుకుపోయాయి. చేపలు ఆ పచ్చదనం వెనుక దాగిపోతుంటే అబ్బాజాన్ వేళ్ళు ఎత్తడం మానివేశారు.

సలహాలకు కొదువ లేకపోయింది. మొత్తం ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టమన్నారు ఒక దుకాణదారు. కొత్త తొట్టిలో చేపల వ్యర్థాలను హరించే బాక్టీరియా స్థిరపడటానికే వారాలు పడుతుంది. అన్ని వారాలు ఖాళీ గాజు ముందు అబ్బాజాన్‌ను ఎలా కూర్చోబెట్టగలము? రాళ్ళను పెళ్ళి వంటల దేగ్‌లో వేసి ఉడకబెట్టమన్నారు మరొకరు. ఈ సలహాను ఎవరూ పాటించరాదని పాఠకులను కోరుతున్నాము. కొన్ని జొయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రాళ్ళపై వేడినీళ్ళు పోసినా, గట్టిగా తోమినా అది గాలిలో కలుస్తుంది. అలాంటి గాలి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. ఆ రాళ్ళను తాకేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. నాచుకు ఆహారం నైట్రేట్, ఫాస్ఫేట్. నీటిని పరీక్షిస్తే రెండూ దాదాపు సున్నా. ఆహారమే లేని చోట ఈ పెరుగుదల ఏమిటి? కొంత చదివాక చిక్కుముడి విడింది. సున్నపు గుణమున్న ఆ రాళ్ళు ఫాస్ఫేట్‌ను తమలో దాచుకుని, కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతాయి. వదిలినదాన్ని వదిలినట్టే నాచు తినివేస్తుంది. పరీక్షకు మిగిలేదేమీ ఉండదు. నీరు నిర్మలంగా కనిపించింది గాని, నిల్వ రాతి కడుపులో ఉంది.

నిల్వ తరగాలంటే ఓర్పు కావాలి. వారానికి సగం రాళ్ళ చొప్పున బయటికి తీసి, తొట్టి నీరే నింపిన టబ్బులో ముంచి, జొయాంథిడ్లు లేని భాగాల నుండి నాచును నీటి అడుగునే చేతితో పీకాము. తెగిన పోగు తొట్టిలో మిగిలితే మళ్ళీ మొలుస్తుంది గనుక రాయిని కడిగి గాని లోపల పెట్టలేదు. పది గంటలు వెలిగే దీపాన్ని ఏడు గంటలకు తగ్గించాము. వారానికి 20 లీటర్ల నీరు మార్చాము. ఖనిజాలన్నీ తొలగించిన నీటిలో లీటరుకు 35 గ్రాముల వంతున 700 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపాము. ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఇనుప గుళికలను చిన్న సంచిలో కొద్దికొద్దిగానే వేలాడదీశాము. ఒక్కసారిగా తగ్గితే మెత్తని జీవులు తట్టుకోలేవు. నత్తలను ఆ తరువాతే తెచ్చాము. నత్త లేత నూగును మేస్తుంది గాని ముదిరిన జుట్టును ముట్టదు.

మా తొట్టిలో రాయిని బయటికి తీయగలిగాము. సముద్రంలో ఆ వీలు ఎక్కడిది? కరీబియన్ సముద్రంలో నాచును మేసే చేపలను జమైకా వంటి చోట్ల మనిషి అప్పటికే అతిగా పట్టివేశాడు. మేతపని నల్లని ముళ్ళ సీ అర్చిన్లపై పడింది. 1983-84లో తెగులు సోకి వాటిలో 90 శాతానికి పైగా చనిపోయాయి. జమైకా పగడపు దిబ్బలపై నాచు దుప్పటిలా పరచుకుంది. మనకు దగ్గరలో, తమిళనాడు మండపం తీరంలో, ఫిలిప్పీన్స్ ప్రాంతపు కప్పాఫైకస్ నాచును సాగుకు తెచ్చారు. జంతు జెలాటిన్‌కు బదులుగా వాడదగిన కారాజీనన్ దాని నుండే లభిస్తుంది. తీరంలోని పేద కుటుంబాలకు అది జీవనాధారం. అదే నాచు సాగు హద్దు దాటి మన్నారు సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద పగడాలను కప్పివేస్తున్నదని 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. చేతులతో ఏరి తీసినా మిగిలిన ముక్కల నుండి మళ్ళీ పెరిగింది. తాడుకు కట్టి ఉన్నప్పుడు అన్నం పెట్టిన నాచే, తాడు విడిచాక పగడానికి ఊపిరాడకుండా చేసింది.

ఈ వృత్తాంతం చదివాకే మా చివరి ఏర్పాటు చేశాము. వడపోత కోసం పెద్ద తొట్టి కింద ఉన్న చిన్న తొట్టిలో కీటోమార్ఫా అనే మరో నాచును ప్రత్యేక దీపం కింద పెంచుతున్నాము. రాళ్ళు వదిలే ఫాస్ఫేట్‌ను ఇప్పుడు అది తింటుంది. వారానికి ఒక గుప్పెడు తీసివేస్తే, అంతమేరకు నిల్వ ఇల్లు దాటిపోతుంది. దాన్ని మంచినీటిలో బాగా కడిగి కరివేపాకు చెట్టు ఎరువుకుండీలో వేస్తాము.

మూడు నెలలు గడిచేసరికి రాళ్ళు బయటపడ్డాయి, జొయాంథిడ్లు విచ్చుకున్నాయి. అబ్బాజాన్ మళ్ళీ వేళ్ళు ఎత్తుతున్నారు. వెనుక మూలనున్న రెండు రాళ్ళపై మాత్రం పచ్చని నూగు అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంది; నత్తలు ఆ పక్కకే ఎక్కువగా పోతుంటాయి.

మొన్న వీడియో కాల్‌లో భాయీజాన్, “నాచు పూర్తిగా పోయిందా?” అని అడిగారు.

“పోలేదు భాయీజాన్, కింది అంతస్తులో అద్దెకుంటోంది” అన్నాము.