గోదావరిపై పడవవంట

గండిపోచమ్మ గుడి రేవునుండి పాపికొండల దిక్కునకు నాటుపడవపై మేము పోయినప్పుడు వంటయే పెద్ద చిక్కయ్యెను. పడవలో నిప్పన్న భయమే గదా! మొదట ఇసుకను నాలుగంగుళముల మందమున పఱచి, దానిపై కుంపటి నుంచితిమి. కొత్తనీటితో నెఱ్ఱబారిన గోదావరిజలమును, చిల్లగింజ నరగదీసిన కుండలో రాత్రియంతయు నిలిపి, తేరిన నీటిని వడగట్టి కాచితిమి. 2 పాళ్లు బియ్యము, 1 పాలు పెసరపప్పు, మిరియములు, జీలకఱ్ఱ, ఉప్పు వేసి యొకే గిన్నెలో పులగ మెక్కించితిమి. కొండల నడుమ గాలి హెచ్చగానే సరంగు కేకవేసెను. వెంటనే కుంపటిపై ఇసుక పోసితిమి. ముప్పాతిక యుడికిన గిన్నెను గోనెపట్టాలో చుట్టి పెట్టగా, ఒడ్డు చేరునప్పటికి ఆవిరిలోనే మగ్గెను. పిల్లలు మాగాయతో వేడివేడిగా తినిరి. పడవప్రయాణమునకు బయలుదేరువారు తట్టెడు ఇసుకను, నాలుగు చిల్లగింజలను మఱువకుందురుగాక!