జీతంలో కోత పడని పొదుపు

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అంటారు. ఉద్యోగం ఉండగానే ముసలితనానికి నాలుగు డబ్బులు వెనకేసుకోవడమూ అలాంటిదే. మరి డబ్బు ఒక్కటీ ఉంటే చాలా? హౌరాలోని సాంత్రాగాచి రైల్వే కాలనీలో ఉంటున్న మా అక్కాతమ్ముళ్ళకు ఈ సందేహం ఈ మధ్యే వచ్చింది.

డబ్బు సంగతి ముందు చెబుతాం. 2004 జనవరి 1 తరువాత చేరిన చాలామంది కేంద్ర ఉద్యోగుల్లాగే మా నాన్నగారు కూడా జాతీయ పింఛను పథకంలో ఉన్నారు. మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం ప్రతి నెలా జీతంలోనే కోత పడుతుంది. ప్రభుత్వం మరో 14 శాతం కలుపుతుంది. నాన్నగారు మరచిపోయినా ఆ పొదుపు ఆగదు.

బంధుత్వాలకు, స్నేహాలకు ఇలాంటి కోత లేదు. పైగా బదిలీలు! మేము మొదట చక్రధర్‌పూర్‌లో, తరువాత ఖరగ్‌పూర్‌లో ఉన్నాం. సామాను లారీ ఎక్కుతుంది, బడిలో టీసీ చేతికిస్తారు. స్నేహితులు మాత్రం అక్కడే ఉండిపోతారు.

మా కాలనీలో ఉండిన ఒక గార్డు తాతగారు రిటైరయ్యాక సొంత ఊరు విజయనగరం వెళ్ళిపోయారు. ఆయన చేరినప్పుడు వాల్తేరు డివిజన్ కూడా మన ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది. 2003లో అది తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్ళింది. ఆ తరువాత ఆయనకు సొంత ప్రాంతానికి బదిలీ దొరకలేదు. ఇప్పుడు ఆయనకు ఇల్లుంది, పింఛనుంది, రైల్వే పాసూ ఉంది. కానీ ఆ ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. మొన్న ఫోనులో నాన్నగారితో, "పాసు ఉంది బాబూ, ఎవరింటికి వెళ్ళాలో తెలియడం లేదు" అన్నారు. ఆ రాత్రి నాన్నగారు సరిగా భోజనం చేయలేదు.

ఈ విషయంలో బెంగాలీల అలవాటు ఒకటి మాకు నచ్చింది. దుర్గమ్మ నిమజ్జనం అయ్యాక వాళ్ళు "శుభో బిజోయా" అంటూ పెద్దల ఇళ్ళకు వెళ్ళి పాదాలకు నమస్కరిస్తారు. కొబ్బరి లడ్డూలు తిని, కాసేపు కూర్చుని వస్తారు. పనేమీ ఉండదు, పలకరింపే పని. మేము కాకీమా అని పిలిచే పక్కింటి పిన్నిగారికి అమ్మ సంక్రాంతికి అరిసెలు పంపుతుంది. గత ఏడాది అమ్మకు డెంగీ జ్వరం వస్తే, వారం రోజులు మాకు వండి పెట్టింది ఆ కాకీమానే.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 1938లో మొదలుపెట్టిన ఒక అధ్యయనం కూడా ఇదే చెబుతోంది. మంచి అనుబంధాలు ఉన్నవారే పెద్ద వయసులో ఎక్కువ ఆరోగ్యంగా, సంతోషంగా ఉంటారట.

నాన్నగారి రిటైర్మెంటుకు ఇంకా 14 ఏళ్ళుంది. అందుకే ఇంట్లో అందరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం ఇద్దరికి ఫోను చేస్తాం. ఒకరు బంధువు, ఒకరు పాత ఊరి స్నేహితులు. ఎవరికి చేశామో ఒక నోటుపుస్తకంలో రాస్తాం. ఈ వేసవిలో పాసు మీద విజయనగరం వెళ్ళి, గార్డు తాతగారింట్లో రెండు రోజులు ఉండాలని కూడా అనుకున్నాం. ఈ మాట చెప్పగానే ఆయన రైలు ఏ వేళకు వస్తుందో అడిగారు.

మిత్రులారా! మనకు బదిలీలు తప్పవు. పింఛను లెక్క ప్రభుత్వం చూసుకుంటుంది. ఈ రెండో లెక్క మాత్రం మనమే రాసుకోవాలి. ఈ పత్రిక చదివిన రోజే, పాత బడిలోని ఒక్క స్నేహితుడికైనా ఫోను చేయండి.